గుంపుగా బైక్ రైడ్: హైదరాబాద్–శ్రీశైలం దారిలో జట్టు చెదరకుండా వెళ్లి రావడం ఎలా

ఒంటరిగా బండి మీద వెళ్లేవాళ్లకు లేని ఒక భయం గుంపులో వెళ్లేవాళ్లకు ఉంటుంది: వెనకపడిపోతానేమో! గ్రూప్ రైడ్‌లో జరిగే పిచ్చిపనులను విడివిడిగా చూస్తే చాలావాటి మూలం ఇక్కడే దొరుకుతుంది. ఎదురుగా లారీ కనిపిస్తున్నా ఓవర్‌టేక్ చేయడం, అలవాటు లేని వేగంతో మలుపులోకి దిగడం, పెట్రోల్ రిజర్వులో పడినా చెప్పకుండా లాగడం, కళ్లు మూతపడుతున్నా ‘కాసేపు ఆగుదాం’ అనలేకపోవడం. కింద చెప్పిన ఏర్పాట్లన్నీ ఒకే పని కోసం: గుంపులో ఎవరికీ తొందరపడాల్సిన అవసరం రాకూడదు. అది కుదిరిందా, మిగతా సరదా అంతా దానంతటదే వస్తుంది. అద్దంలో వరసగా వెనకాల లైట్లు, ఎక్కడ బండి మొరాయించినా పక్కన నలుగురు, మనకంటే బాగా నడిపే మనిషి మలుపును ఎలా తీసుకుంటున్నాడో వెనక నుంచి చూసి నేర్చుకునే అవకాశం... ఇవి ఒంటరి ప్రయాణంలో దొరకవు.

ఉదాహరణకు హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారిని తీసుకుందాం. సుమారు 215 కిలోమీటర్ల ఈ 765వ నంబరు జాతీయ రహదారిలో ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు, పొలాల మధ్య తిన్నని రోడ్డు, పులుల అడవి, ఘాట్ అన్నీ ఉన్నాయి. ఇక్కడ పద్ధతిగా నడిపిన జట్టు ఇంకెక్కడైనా నడపగలదు.

ముందుగా: ఎంతమంది?

ఐదారు బండ్లు చాలు. ఏడు దాటితే రెండు జట్లు చేయండి. ఇది మొహమాటానికి పోకుండా పాటించాల్సిన విషయం, ఎందుకో లెక్క చూడండి. ఈ దారి చాలా భాగం డివైడర్ లేని రెండు లేన్ల రోడ్డు. ఇలాంటి రోడ్డు మీద మోటార్‌సైకిళ్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 60 కిలోమీటర్లు. అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. బండికీ బండికీ ఒక సెకను ఎడం ఉంటే ఆరు బండ్ల వరస సుమారు 85 మీటర్లు అవుతుంది. 80లో వచ్చే కారు దాన్ని 15 సెకన్లలో దాటేస్తుంది. అదే పన్నెండు బండ్లయితే వరస 185 మీటర్లకు పెరుగుతుంది. కారుకు 33 సెకన్లు, 700 మీటర్లకు పైగా ఖాళీ రోడ్డు కావాలి. అంత ఖాళీ దొరకదు కాబట్టి ఆ కారు మధ్యలో మీ వరసలోకి దూరుతుంది. తప్పు కారుదని మనం తిట్టుకుంటాం గానీ, అంత పొడవు గోడ కట్టింది మనమే.

రెండు జట్లయితే ప్రతి జట్టుకూ సొంత లీడ్ (అందరికంటే ముందుండే బండి), సొంత స్వీప్ (చిట్టచివరి బండి) ఉండాలి. మధ్య పది నిమిషాల ఎడం పెట్టండి. టిఫిన్ దగ్గర ఎలాగూ కలుస్తారు.

ఎవరు ఎక్కడ

లీడ్ అంటే అందరికంటే వేగంగా పోయేవాడు కాదు. దారి తెలిసినవాడు, అద్దం చూసే అలవాటున్నవాడు. వేగాన్ని నిర్ణయించేది మాత్రం లీడ్ వెనకే ఉండే రెండో బండి. అక్కడ గుంపులో అందరికంటే కొత్తవాళ్లను, లేదా అందరికంటే చిన్న ఇంజన్ ఉన్నవాళ్లను పెట్టండి. చాలా గ్రూపుల్లో దీనికి తలకిందులుగా చేస్తారు. కొత్తవాళ్లను చివర్లో వేసి ‘నిదానంగా రండి’ అంటారు. చివరివాళ్లకు నిదానం అన్నది ఉండదు, ఎందుకో స్పీడ్ బ్రేకర్ల దగ్గర చెబుతాం.

స్వీప్ అంటే చిట్టచివరి బండి. గుంపులో బాగా నడిపేవాళ్లు, కొంచెం మెకానిజం తెలిసినవాళ్లు ఇక్కడ ఉండాలి. పనిముట్లు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె స్వీప్ దగ్గరే. ఎవరి బండి ఆగినా స్వీప్ ఆగాలి, ఎవరినీ దాటి ముందుకు రాకూడదు. దూరం నుంచే గుర్తుపట్టేలా ముదురు నారింజ రంగు రిఫ్లెక్టర్ జాకెట్ వేయించండి. వెనక మనిషిని ఎక్కించుకున్న బండ్లను మధ్యలో ఉంచండి.

దారి, సమయం

అవుటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. అందుకని నగరం నలుమూలల నుంచి వచ్చేవాళ్లు తుక్కుగూడ దగ్గర ఏదో ఒక పెట్రోల్ బంకులో కలవడం తేలిక. కలిసే సమయం వేరు, బయల్దేరే సమయం వేరు అని ముందే చెప్పండి: 5 గంటలకు కలవాలి, ట్యాంకు నిండిపోయి ఉండాలి, 5.30కి బండ్లు కదలాలి. ఆలస్యంగా వచ్చేవాళ్లు టిఫిన్ దగ్గర కలుస్తారు తప్ప వెనక నుంచి వేగంగా తరుముకుంటూ రాకూడదు. ఈ ఒక్క మాట స్పష్టంగా చెప్పకపోవడం వల్లే రైడ్ మొదలవకముందే ఒకరు 110లో వస్తుంటారు.

కడ్తాల్, ఆమనగల్, కల్వకుర్తి, డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూరు వస్తుంది. అక్కడ అటవీశాఖ చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ టైగర్ రిజర్వు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూస్తారు. మీ ప్రణాళిక అంతా ఈ గేటు చుట్టూ తిరగాలి. తిరుగు ప్రయాణంలో చీకటి పడకముందే మన్ననూరు దాటాలంటే శ్రీశైలంలో మధ్యాహ్నం 2.30కల్లా బండ్లు స్టార్ట్ కావాలి. రాత్రి 9 వరకు గేటు తెరిచే ఉంటుంది కదా అని సాయంత్రం ఆరింటికి బయల్దేరేవాళ్లుంటారు. దుప్పులు, అడవిపందులు రోడ్డు దాటే వేళ కూడా సరిగ్గా అదే.

మన్ననూరు నుంచి శ్రీశైలం సుమారు 70 కిలోమీటర్లు. అడవిలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు. మ్యాప్‌ను ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి. అడవిలోకి దిగేముందే ట్యాంకులు నింపండి. అందరికంటే చిన్న ట్యాంకు ఎవరిదో, ఆ బండి ఎంత దూరం పోగలదో అదే మొత్తం గుంపు పరిధి. 13 లీటర్ల ట్యాంకు ఉన్న 350 సీసీ బండికి 400 కిలోమీటర్ల దిగులుండదు. కానీ ఎక్కడ ఆగినా అందరూ పోయించుకోవాలి. ‘నాకుంది’ అన్నవాడే 60 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఆపిస్తాడు.

తేదీ కూడా చూసుకోండి. శివరాత్రి ముందు వారం, చైత్ర పౌర్ణమికి ఈ అడవిలో సలేశ్వరం జాతర జరిగే రోజులు, జూలై–సెప్టెంబర్ మధ్య డ్యామ్ గేట్లెత్తిన శని ఆదివారాలు ఈ దారికి పనికిరావు. ఘాట్‌లో కార్లు గంటల తరబడి ఆగిపోతాయి, క్లచ్ నొక్కి నొక్కి ఎడమ చేయి పడిపోతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లక తప్పదంటే 11 గంటలకల్లా నీడకు చేరండి.

బండి తనిఖీ: రెండు రోజుల ముందు, రైడ్ రోజు పొద్దున కాదు

రైడ్‌కు ముందురోజు సర్వీసింగ్‌కు ఇవ్వడం మంచిది కాదు. బిగించని బోల్టు, సరిగ్గా కూర్చోని బ్రేక్ ప్యాడ్ బయటపడేది ఆ తర్వాతి 100 కిలోమీటర్లలోనే. సర్వీస్ చేయిస్తే వారం ముందు చేయించి, నగరంలో నాలుగు రోజులు తిప్పండి.

టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎంత ఉండాలో స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చట్రం) లేదా చైన్ గార్డు మీద స్టిక్కర్ ఉంటుంది. వెనక మనిషి ఉంటే వెనక టైరుకు ఎక్కువ కొట్టాలని అందులోనే రాసి ఉంటుంది. గాడి లోతు 2 మిల్లీమీటర్ల కంటే తగ్గిన టైరుతో ఘాట్‌కు రావద్దు. చైన్ వదులు చాలా బండ్లకు 25–30 మిల్లీమీటర్లు, మీ బండి మాన్యువల్లో ఉన్నదే ఖాయం. మరీ బిగిస్తే గుంతలో పడ్డప్పుడు చైన్ తెగొచ్చు, మరీ వదిలేస్తే స్ప్రాకెట్ నుంచి జారుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లు దాటితే మార్పించండి: అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది, ఘాట్‌లో వేడెక్కితే ఆ నీరు ఆవిరై లివర్ మెత్తబడిపోతుంది. బ్రేక్ లైటు రెండు లివర్లకూ వెలుగుతోందా చూడండి. ఒంటరిగా వెళ్లినప్పుడు పెద్దగా పట్టించుకోని ఈ చిన్న బల్బే గుంపులో వెనకవాడికి ప్రాణాధారం.

స్వీప్ సంచిలో ఉండాల్సినవి: ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్ (కనీసం పది స్ట్రిప్పులు, సొల్యూషన్ ట్యూబు), 12 వోల్టుల గాలి పంపు, స్పోక్ చక్రాల బండ్లుంటే వాటి సైజు ట్యూబులు, రెండు టైర్ లివర్లు, వెనక చక్రం యాక్సిల్ నట్‌కు సరిపోయే పానా (ఒక్కో బండికి ఒక్కో సైజు, ముందే చూసుకోండి), ఎలెన్ కీలు, కటింగ్ ప్లేయర్, ఫ్యూజులు, చైన్ లింకు, ఇన్సులేషన్ టేపు, జిప్ టైలు, ఇంజన్ కేసింగ్ పగిలితే అతకడానికి ఎంసీల్. క్లచ్ వైరు, స్పార్క్ ప్లగ్ మాత్రం ఎవరి బండివి వాళ్లే తెచ్చుకోవాలి.

హెల్మెట్ ఐఎస్ఐ గుర్తున్నది, మొహమంతా కప్పేది, వెనక కూర్చున్నవాళ్లకు కూడా. చట్టప్రకారం హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానాతోపాటు లైసెన్సు మూడు నెలలు ఆగిపోవచ్చు. ఆ సంగతి అలా ఉంచినా, దవడ వైపు తెరిచి ఉండే హెల్మెట్‌తో హైవే మీదికి రానివ్వకండి. గ్లవ్స్, మడమలు కప్పే బూట్లు, ఎండాకాలమైతే గాలాడే మెష్ జాకెట్. చున్నీ, చీర కొంగు, వేలాడే నాడాలు, సంచుల పట్టీలు ఏవీ చక్రం దగ్గరకు రాకూడదు. సామాను కట్టిన బంగీ తాడు వదులై చైన్‌లో చిక్కితే వెనక చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. కట్టాక పట్టుకుని గట్టిగా ఊపి చూడండి, ప్రతి టీ బ్రేక్‌లో మళ్లీ చూడండి.

బయల్దేరేముందు ఐదు నిమిషాల మాట

అందరూ హెల్మెట్లు తీసి, ఫోన్లు లోపల పెట్టి వినాలి. లీడ్ ఎవరు, స్వీప్ ఎవరు, తర్వాత ఆగేది ఎక్కడ, విడిపోతే ఎక్కడ కలవాలి. ప్రతి ఒక్కరి రక్తం గ్రూపు, ఇంటి ఫోన్ నంబరు లీడ్ దగ్గరా స్వీప్ దగ్గరా ఉండాలి. వాట్సాప్‌లో 8 గంటల లైవ్ లొకేషన్ పెట్టించండి, అడవిలో అది పనిచేయదని కూడా చెప్పండి. రాత్రి ఎవరైనా తాగి వచ్చారా, నిద్ర సరిపోయిందా అని మొహం మీదే అడగాలి. నాలుగు గంటలు కూడా నిద్రపోని మనిషిని ఇంటికి పంపడం కష్టమే. ఆ ఇబ్బందిని లీడ్ భరించాలి.

సైగలు ఐదారే పెట్టుకోండి, చేతి సైగలన్నీ ఎడమ చేత్తోనే, ఎందుకంటే కుడి చేయి యాక్సిలరేటర్ వదలకూడదు. ఒక వేలు పైకెత్తితే ఒకే వరస. రెండు వేళ్లు ఎత్తితే ఎడమ–కుడి వరస. చేయి చాచి అరచేయి కిందికి ఊపితే వేగం తగ్గించమని. ట్యాంకు మీద తడితే పెట్రోల్. గుంత ఎడమ వైపుంటే ఎడమ చేత్తో, కుడి వైపుంటే కుడి కాలితో చూపాలి. మలుపులో, బ్రేక్ పడుతున్నప్పుడు, బ్రేకర్ మీద సైగల కోసం చేయి వదలొద్దు. బ్లూటూత్ ఇంటర్‌కామ్ ఉంటే లీడ్, స్వీప్ పెట్టుకుంటే చాలు. అందరికీ ఉంటే కబుర్లు మొదలవుతాయి.

వరస: అసలు కిటుకు ఇక్కడే

తిన్నని రోడ్డు మీద ఎడమ–కుడి వరసలో నడవాలి. మన లేన్‌లో కుడి వైపు లీడ్, ఒక సెకను వెనక ఎడమ వైపు రెండో బండి, ఇంకో సెకను వెనక మళ్లీ కుడి వైపు మూడోది, అలా. లీడ్ కుడిన ఎందుకంటే ముందు రోడ్డు ఎక్కువ దూరం కనిపిస్తుంది, ఎదురొచ్చేవాళ్లకు కూడా గుంపు ముందే కనిపిస్తుంది. మధ్య గీతకు కనీసం మీటరు ఎడం ఉండాలి, ఎడమ అంచుకూ అంతే. ఆ అంచున కంకర, మట్టి, తారు విరిగిన చోట మెట్టులా దిగిపోవడం ఉంటాయి.

ఎదురు నుంచి లారీని దాటుకుంటూ బస్సు వస్తుంటే కుడి వైపున్నవాళ్లు చప్పున లేన్ మధ్యకు జరగాలి. పక్కన బండి లేదు, ఒక సెకను వెనక ఉంది, కాబట్టి జరగడానికి చోటుంటుంది. జంటగా పక్కపక్కన నడిపితే ఆ చోటుండదు. ఫొటోల్లో జంట వరస అందంగా ఉంటుంది. రోడ్డు మీద మాత్రం ఇద్దరికీ తప్పుకునే దారి మూసేస్తుంది.

ఎడం ఎంత? మన వరుసలోనే, అంటే మన ముందు అదే వైపున్న బండికి రెండు సెకన్లు. 60లో అది సుమారు 33 మీటర్లు. బ్రేక్ వేయాలని గ్రహించడానికి ఒక సెకను (17 మీటర్లు), పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి మరో 20 మీటర్లు పోతాయి. ముందు బండి కూడా ఒక్కసారిగా గోడలా ఆగిపోదు కాబట్టి రెండు సెకన్లు సరిపోతుంది. కొలవడం తేలిక: ముందు బండి కిలోమీటరు రాయిని దాటగానే ‘ఒకటి, రెండు’ అని మామూలు వేగంతో లెక్కపెట్టండి. రెండు అనేలోపే మీరు రాయి దాటితే దగ్గరగా ఉన్నట్టు. వాన పడితే నాలుగు సెకన్లు, ఒకే వరస. చాలా రోజుల తర్వాత పడే మొదటి జల్లు ఇంకా ప్రమాదం, రోడ్డు మీది నూనె పైకి తేలి జారుతుంది. తడిసిన తెల్ల గీతలు కూడా అంతే.

ఊళ్లలో, మలుపుల్లో, ఘాట్‌లో, గుంతల రోడ్డులో, సందేహం కలిగిన ప్రతిచోటా ఒకే వరస, రెండు సెకన్లు. ఎడమ–కుడి వరస కోసం మలుపులో మీ దారిని వదులుకోకండి.

ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ సంగతి. ఆరు బండ్లు ఒక్కొక్కటిగా రెండు సెకన్ల తేడాతో బ్రేకర్ దాటితే లీడ్ దాటిన పది సెకన్లకు స్వీప్ దాటుతుంది. లీడ్ దాటగానే 60 అందుకుంటే ఆ పది సెకన్లలో వరస దాదాపు రెట్టింపు సాగిపోతుంది. దాన్ని పూడ్చాలంటే చివరివాళ్లు 80 కొట్టాలి. అంతలో ఇంకో ఊరు, ఇంకో బ్రేకర్. ఆమనగల్ నుంచి కల్వకుర్తి దాకా ఇదే పదేపదే జరుగుతుంటే చివర్లో పెట్టిన కొత్త రైడర్ గంటసేపు పరుగే పరుగు. రబ్బరు బ్యాండులా ఈ సాగడాన్ని ఆపగలిగేది లీడ్ ఒక్కరే: బ్రేకర్ దాటాక 40లోనే ఉండి, అద్దంలో స్వీప్ నారింజ జాకెట్ కనిపించాకే వేగం పెంచాలి. కొత్త లీడ్‌లకు ఇది కష్టంగా ఉంటుంది, ఖాళీ రోడ్డు పిలుస్తుంటుంది.

ఓవర్‌టేకింగ్

గుంపు ఓవర్‌టేక్ చేయదు, ఒక్కో బండి చేస్తుంది. లీడ్ దాటాడంటే అది లీడ్‌కు దొరికిన ఖాళీ. రెండోవాళ్లు లారీ వెనక తమ చోటికి వచ్చి, తమ కళ్లతో చూసి, తమకు ఖాళీ దొరికితేనే దాటాలి. ‘రా, రా’ అని చేయి ఊపడం మా దృష్టిలో గ్రూప్ రైడ్‌లోకెల్లా చెడ్డ అలవాటు. ఊపిన మనిషికి 300 మీటర్ల ముందున్నది కనిపిస్తుంది గానీ, వెనకవాళ్లకు పట్టే సమయం తెలియదు. దాటిన లీడ్ వెంటనే నెమ్మదించకూడదు; లారీ ముందు వెనకవాళ్లు దూరడానికి చోటు వదిలి కొంచెం ముందుకు పోవాలి. చోటు లేక లారీ పక్కనే ఇరుక్కుపోయిన రెండో బండే ఎదురొచ్చే వాహనానికి దొరికేది.

ఈ దారిలో ప్రత్యేకంగా చూడాల్సినవి: వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, వెడల్పుగా పత్తి నింపుకుని వచ్చే బండ్లు, రాంగ్ రూట్లో అంచు పట్టుకుని వచ్చే మోపెడ్లు, గొర్రెల మందలు. వానాకాలం పంట కోతలప్పుడు, యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. పొద్దున్నే ఎత్తివేసిన కుప్పల దగ్గర ఆ రాళ్లు అలాగే ఉండిపోతాయి, గింజల మీద చక్రం గోలీల మీద నడిచినట్టే జారుతుంది. లీడ్ ముందే ఒక వేలు ఎత్తి ఒకే వరసలోకి తేవాలి.

మలుపు దగ్గర ఎవరూ తప్పిపోకుండా

అచ్చంపేట దారి చీలే హాజీపూర్ లాంటి కూడలిలో లీడ్ వెనకున్న రెండో బండి ఎడమ పక్కన సురక్షితంగా ఆగి, వెళ్లాల్సిన దిక్కు చూపిస్తూ నిలబడాలి. అందరూ పోయి, స్వీప్ వచ్చాక, స్వీప్‌కు ముందు వరసలో కలవాలి. తర్వాతి కూడలిలో ఇప్పుడు రెండో స్థానంలో ఉన్నవాళ్లు ఆగుతారు. కొత్త రైడర్ రెండో స్థానంలో ఉంటే ఆ పని మూడోవాళ్లకు ఇవ్వండి. నియమం ఒకటే, స్వీప్ రాకుండా అక్కడి నుంచి కదలకూడదు. పదిహేను నిమిషాలైనా రాకపోతే ఫోన్ చేయాలి తప్ప సొంతంగా వెనక్కి వెళ్లకూడదు.

ఈ పద్ధతి ఉందని నమ్మకం కుదిరితే జట్టు స్వభావమే మారిపోతుంది. ముందు బండి కనుమరుగైనా ఎవరూ కంగారుపడరు. దారి తెలియకపోయినా ఎవరి వేగంలో వాళ్లు డిండి చెరువు మీది పొద్దుటి వెలుగు చూస్తూ నడపవచ్చు.

ఆగే చోట్లు 60–70 కిలోమీటర్లకు ఒకటి, పావుగంట. అందరూ ఒకేసారి బ్రేకేసి రోడ్డు మీద నిలబడకుండా, పూర్తిగా రోడ్డు దిగగలిగే చోటే ఆగండి. గంటన్నరకు అర లీటరు నీళ్లు, ఎండాకాలం ఓఆర్ఎస్. మధ్యాహ్నం పప్పన్నం కడుపునిండా తిని ఘాట్ ఎక్కితే కళ్లు మూతపడతాయి. పొద్దున ఇడ్లీ, ఉప్మా, దారిలో పండ్లు చాలు. సీతాఫలాల కాలమైతే పండ్లు వెతికే బాధ కూడా లేదు, గంపలే ఎదురొస్తాయి.

అడవి, ఘాట్

మన్ననూరు దాటాక 40–50 మించొద్దు. గుంపుగా ఆగడానికి అనుమతి ఉన్నచోటే ఆగండి. కోతులకు ఏమీ వేయొద్దు. బిస్కట్ల కోసం రోడ్డు మీదికి అలవాటుపడ్డ కోతి వెనక వచ్చే మీ స్వీప్ చక్రం కిందికే వస్తుంది. మోత సైలెన్సర్ల బండ్లను ఈ రైడ్‌కు రానివ్వకండి. పోలీసులు పట్టుకుంటారన్నది ఒకటి, పక్కనున్నవాళ్ల హారన్ కూడా వినబడదన్నది ఇంకొకటి. అడవి అందం కూడా ఇంజన్లు మెల్లగా కొట్టుకుంటున్నప్పుడే తెలుస్తుంది.

ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగేచోట మూడో గేరు, అవసరమైతే రెండో గేరు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. బ్రేక్ మీదే కాలు పెట్టి దిగితే ప్యాడ్లు కాలిపోయి పట్టు తగ్గుతుంది. మలుపు ముందే వేగం తగ్గించి, మలుపులో చూపు బయటికి వెళ్లే వైపు పెట్టండి. గుంపులో ప్రత్యేకమైన పొరపాటు ఒకటి ఇక్కడ జరుగుతుంది: వెనకవాళ్లు ముందు బండి టెయిల్ లైటునే చూస్తూ ఉండిపోతారు. చూపు ఎక్కడుంటే బండి అక్కడికే పోతుంది. ముందువాడు కంకరలో జారితే వెనకవాడు కూడా అదే చోటికి పోతాడు. టెయిల్ లైటును మీ చూపు మూలలో ఉంచి, రోడ్డును చూడండి. హెయిర్‌పిన్‌లో ఎదురొచ్చే బస్సు మన సగంలోకి వస్తుంది, అది తప్పదు. హారన్ కొట్టి, ఎడమ సగంలోనే ఉండి, మలుపు పూర్తిగా కనిపించాకే గ్యాస్ ఇవ్వండి.

శ్రీశైలంలో దర్శనానికి రెండు మూడు గంటలు పెట్టుకోండి. లోపలికి ఫోన్లు రానివ్వరు. బూట్లు, జాకెట్లు, హెల్మెట్లు ఎక్కడ పెడతారు, బండ్ల దగ్గర ఎవరుంటారో ముందే అనుకోండి. బండి మీద వదిలేసిన సంచిని కోతులు పది నిమిషాల్లో విప్పేస్తాయి.

ఎవరైనా పడితే

పడ్డ మనిషి దగ్గరకు అందరూ పరుగెత్తడం సహజం, కానీ అలా చేస్తే రోడ్డు మీద ఇంకో ప్రమాదం తయారవుతుంది. ఎవరి పని ఏమిటో ముందే పంచుకోవాలి. వెనక వచ్చే ఇద్దరు బండ్లను రోడ్డు దింపి, ఒకరు వెనక 100 మీటర్ల దూరంలో, ఒకరు ముందు అంతే దూరంలో ట్రాఫిక్‌ను నెమ్మది చేయించాలి. మలుపు దగ్గరైతే మలుపుకు అవతల నిలబడాలి. ఫస్ట్ ఎయిడ్ తెలిసినవాళ్లు పడ్డ మనిషి దగ్గరకు వెళ్లాలి. ఒకరు పడ్డ బండి ఇగ్నిషన్ ఆపాలి, పెట్రోల్ కారుతుంటే చుట్టూ ఎవరూ సిగరెట్ వెలిగించకుండా చూడాలి. ఒకరు 108కు లేదా 112కు ఫోన్ చేసి కిలోమీటరు రాయి మీదున్న అంకె చెప్పాలి. సిగ్నల్ లేకపోతే ఒక బండి దగ్గర్లోని ఊరికో, చెక్‌పోస్టుకో వెళ్లాలి.

ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ తీయకండి, కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి. మెడ, వెన్ను కదపకూడదు. రక్తం ధారగా పోతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి చేత్తో గట్టిగా నొక్కి పట్టండి, మధ్యమధ్యలో తీసి చూడొద్దు. లేచి ‘నాకేం కాలేదు’ అంటున్న మనిషిని కూడా మళ్లీ వెంటనే బండి ఎక్కించొద్దు. ఆ కంగారులో నొప్పి తెలియదు.

సాయం చేసినవాళ్లను పోలీసులు ఇబ్బంది పెట్టకూడదని మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ చెబుతోంది. 2025లో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల్లోపు లక్షన్నర రూపాయల వరకు చికిత్స, పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో అందుతుంది. ఆసుపత్రిలో డబ్బు కోసం గాబరాపడేముందు ఈ మాట అడగండి.

తిరుగు ప్రయాణం, ఆ తర్వాత

పొద్దున జాగ్రత్తగా వచ్చినవాళ్లు కూడా వెనక్కి వెళ్లేటప్పుడు తెగిస్తారు. దారి తెలుసు, ఒళ్లు అలసిపోయింది, ఇల్లు గుర్తొస్తుంది. కల్వకుర్తి దాటాక పడమటి ఎండ ఎడమ పక్క నుంచి కొడుతుంది. అందుకని లీడ్‌ను, స్వీప్‌ను శ్రీశైలంలోనే మార్చండి. తుక్కుగూడ దగ్గర ఆగి అందరినీ లెక్కపెట్టి అక్కడే విడిపోండి. నగరం లోపల వరస కట్టి నడపడం ఎవరికీ మంచిది కాదు. ఇల్లు చేరాక ప్రతి ఒక్కరూ గ్రూపులో ఒక్క మాట పెట్టాలి, చివరి మాట వచ్చేదాకా స్వీప్ నిద్రపోకూడదు.

మర్నాడు చైన్ కడిగి స్ప్రే కొట్టండి, యాక్సిల్, హ్యాండిల్, సైలెన్సర్ బోల్టులు చేత్తో తిప్పి చూడండి. ఉమ్మడి ఖర్చు ఒక్కరే పెట్టి, ఆ రాత్రే లెక్క పంపితే గొడవలు తగ్గుతాయి. వరస తప్పినవాళ్లకు, అడ్డంగా ఓవర్‌టేక్ చేసినవాళ్లకు అందరి ముందూ కాకుండా విడిగా ఫోన్ చేసి చెప్పండి. రెండోసారి కూడా అదే చేస్తే, తర్వాతి రైడ్ సమాచారం వాళ్లకు పంపకండి.